బిగ్ బాస్: తిట్టుకుంటూనే ఎందుకు చూస్తాం?

"నేను చూడనండీ. ఇంట్లోవాళ్లు పెడితే అటూ ఇటూ తిరుగుతుంటే కంటపడుతుంది, అంతే." బిగ్ బాస్ ప్రస్తావన రాగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట ఇది. రెండో మాటకు ఎక్కువసేపు పట్టదు: "అయినా మొన్న నామినేషన్లలో ఆ అమ్మాయిని అలా అనడం తప్పు కాదూ?" చూడనివాళ్లకు ఇంత వివరంగా ఎలా తెలిసిందని మనం అడగం. అడిగితే మన సంగతీ బయటపడుతుంది.

సీజన్ మొదలైన ప్రతిసారీ రెండు వాదనలు లేస్తాయి. ఇదంతా ముందే రాసిపెట్టిన స్క్రిప్టా అన్నది ఒకటి. ఇలాంటి షోను అసలు టీవీలో రానివ్వచ్చా అన్నది రెండోది. రెండింట్లోనూ కేకలు ఎక్కువ, ఆట లోపల ఎలా నడుస్తుందన్న వివరం తక్కువ. ఆ వివరంలోకి వెళ్తే ఒక విషయం తేలుతుందని నా అభిప్రాయం: ఈ షో మీద మనకున్న మోజుకూ చిరాకుకూ కారణాలు వేరువేరు కావు. మనల్ని కూర్చోబెట్టే ఏర్పాటే మనకు రోత పుట్టించేదీను.

## నెదర్లాండ్స్ నుంచి అన్నపూర్ణ స్టూడియోస్ దాకా

దీని మూలం 'బిగ్ బ్రదర్'. 1999 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లో జాన్ డి మోల్ మొదలుపెట్టాడు. అందరినీ కనిపెట్టి ఉండే 'పెద్దన్న' అన్న ఊహ జార్జ్ ఆర్వెల్ నవల నుంచి వచ్చింది. మన దేశానికి 2006లో హిందీలో 'బిగ్ బాస్' పేరుతో చేరింది, తొలి వ్యాఖ్యాత అర్షద్ వార్సీ. కన్నడంలో 2013లో సుదీప్‌తో, తమిళంలో 2017లో కమల్ హాసన్‌తో మొదలైంది. అదే 2017 జూలైలో స్టార్ మాలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా తెలుగు సీజన్ వచ్చింది. అప్పుడు ఇల్లు లోనావాలాలో ఉండేది, ఆట 70 రోజులే. రెండో సీజన్‌కి నాని వచ్చాడు, ఇల్లు హైదరాబాద్‌లోని అన్నపూర్ణ స్టూడియోస్‌కి మారింది. మూడో సీజన్ నుంచి నాగార్జునే.

ఆట తెలియనివాళ్ల కోసం (ఉంటే గింటే) క్లుప్తంగా: కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేస్తారు. ఫోన్, టీవీ, పేపర్, గడియారం ఏవీ ఉండవు. వారం మొదట్లో ఒకరినొకరు 'నామినేట్' చేసుకుంటారు, అంటే ఈ వారం బయటికి పంపే జాబితాలో ఎవరుండాలో కారణం చెప్పి మరీ పేరు పెడతారు. ఆ జాబితాలోనివాళ్లకు ప్రేక్షకులు ఓట్లు వేస్తారు. అందరికన్నా తక్కువ ఓట్లు పడినవాళ్లు వారాంతంలో ఇల్లు వదులుతారు. అదే ఎలిమినేషన్. మధ్యలో టాస్కులు, కెప్టెన్సీ, నామినేషన్ నుంచి తప్పించే ఇమ్యూనిటీ, ఆలస్యంగా ఇంట్లోకి వచ్చే వైల్డ్ కార్డ్. టాస్కులో తీర్పరిగా ఉండేవాళ్లు 'సంచాలక్'. ఆ పదవి దక్కినవాళ్లకు ఆ రోజు తిట్లు ఖాయం.

గడియారం కూడా ఎందుకు తీసేస్తారన్నది పట్టించుకోవాల్సిన సంగతి. చదవడానికి పుస్తకం లేదు, మాట్లాడటానికి బయటి మనిషి లేడు, పొద్దు గడవదు. మిగిలింది ఎదురుగా ఉన్న పదిమందే. రేషన్ కూడా కోసికోసి ఇస్తారు. అందుకే కాఫీపొడి, గుడ్లు, ఎవరు గిన్నెలు తోమలేదన్నది అక్కడ జీవన్మరణ సమస్యలవుతాయి. "ఇంత చదువుకున్నవాళ్లు గుడ్డు కోసం కొట్టుకోవడమేంటి" అని మనం నవ్వుతాం. ఆ స్థితిలో మూడు వారాలుంటే మనం కూడా కొట్టుకుంటాం, అందుకోసమే కట్టిన ఇల్లది.

## రోజంతా తీసింది గంటకు కుదించేటప్పుడు

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంట్లో 60 కెమెరాలు ఉన్నాయనుకోండి. రోజుకు 60 × 24 = 1,440 గంటల దృశ్యం, అంటే 86,400 నిమిషాలు. ప్రకటనలు పోగా ఎపిసోడ్ 45 నిమిషాలనుకుంటే, తీసిన ప్రతి 1,920 నిమిషాల్లో మనం చూసేది ఒక్క నిమిషం. సగం కెమెరాలు ఖాళీ గోడల్ని తీస్తున్నాయనుకుని, నిద్రపోయే ఎనిమిది గంటలూ కొట్టేసినా 640 నిమిషాలకు ఒక నిమిషం దగ్గర ఆగుతుంది. మిగతా 639 నిమిషాల్లో ఆ మనిషి ఎలా ఉన్నాడో మనకు తెలియదు.

ఇప్పుడు సుధ, కిరణ్ అని ఇద్దరు కల్పిత హౌస్‌మేట్స్‌ని తీసుకుందాం. పొద్దున కాఫీపొడి దగ్గర నాలుగు నిమిషాలు గొడవపడ్డారు. పదకొండింటికి కిరణ్ సారీ చెప్పాడు. సాయంత్రం ఇద్దరూ సోఫాలో కూర్చుని నవ్వుకున్నారు. ఎడిటర్ దగ్గర దీనికి కనీసం మూడు కథలున్నాయి. గొడవ చూపించి, ఇంకెప్పుడో సుధ మొహం చిట్లించిన షాట్ తగిలించి, డప్పుల మోత పెట్టి బ్రేక్ ఇస్తే కిరణ్ విలన్. గొడవ, సారీ, నవ్వు మూడూ చూపిస్తే మంచి స్నేహితులు. అసలు ఏదీ చూపించకపోతే ఇద్దరూ ఆ వారం 'కనబడని కంటెస్టెంట్లు'. మూడింట్లో ఏ షాటూ నకిలీ కాదు. సుధ మొహం చిట్లించిన మాట నిజమే, ఎందుకో, ఎప్పుడో మాత్రం వేరు.

ఇది అన్యాయమని వెంటనే అనిపిస్తుంది. కానీ 86,400 నిమిషాల్ని యథాతథంగా చూసే ఓపిక ఎవరికుంది? 2022లో 'నాన్ స్టాప్' పేరుతో హాట్‌స్టార్‌లో 24 గంటలూ ప్రసారమయ్యే సీజన్ ఒకటి నడిపారు. ఆ ప్రయోగం ఒక్క సీజన్‌తో సరి. మనకు కావలసింది వాస్తవం అని మనం అనుకుంటాం గానీ, వాస్తవం చాలావరకు మనుషులు ఊరికే కూర్చుని ఉండటమే.

## స్క్రిప్టు ఉందా లేదా?

ఉందనేవాళ్లకు ఆధారాలు లేకపోలేదు. సరిగ్గా గొడవ చల్లబడుతుందనగా కొత్త టాస్క్ దిగుతుంది. ఒకరి వెనక ఇంకొకరు మాట్లాడిన వీడియోను అందరి ముందూ వేస్తారు. ఒకరిని ఎలిమినేట్ చేసినట్టు నమ్మించి సీక్రెట్ రూమ్‌లో కూర్చోబెడతారు. లేదనేవాళ్లు చూపే ఆధారం కూడా గట్టిదే: వందకు పైగా కంటెస్టెంట్లు ఈ ఇంట్లోంచి బయటికి వచ్చి ఎడిటింగ్ మీదా ఓట్ల మీదా రకరకాలుగా ఆరోపణలు చేశారు గానీ, రోజూ డైలాగులు రాసిచ్చారన్నది వాళ్లందరి నుంచీ వచ్చిన ఫిర్యాదు కాదు.

ఇద్దరి మాటా కొంతవరకు నిజమయ్యే అవకాశమే ఎక్కువ. సన్నివేశాన్ని ముందే కడతారు, మాటలు మాత్రం వాళ్లవే. ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ముక్కుమీద కోపం ఉన్న మనిషినీ, మాట పడని మనిషినీ, ఇద్దరికీ సర్దిచెప్పబోయే మనిషినీ ఒకే ఇంట్లో పెట్టాక ఇక రాయడానికేముంది? "నీతో ఆడటానికి వీళ్లలో అర్హత లేనివాళ్లెవరో మొహం మీద చెప్పు" అని ఒక టాస్క్ ఇస్తే చాలు. 'స్క్రిప్ట్' అనే ఒక్క మాటతో రచన, ఎంపిక, ఎడిటింగ్ అన్నింటినీ కలిపేయడం వల్లే ఈ వాదన తెగదు.

## మన ఓటు ఎవరిని గెలిపిస్తుంది

నా మటుకు నాకు ఆటలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది, జనం అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది ఇదే.

యాప్‌లోనో మిస్డ్ కాల్‌తోనో వేసే ఓటు 'ఎవరు ఉండాలి' అన్న ప్రశ్నకు జవాబు. 'ఎవరు పోవాలి' అని మనల్ని అడగరు. రెండూ ఒకటేలే అనిపిస్తుంది, కాదు. వెయ్యిమంది ప్రేక్షకులు, నలుగురు నామినీలు అనుకుందాం. భాను అంటే 300 మందికి ప్రాణం, 600 మందికి మంట. చందు 250 మందికి ఇష్టుడు. ఈశ్వర్ 350 మందికి. దేవిని తిట్టేవాళ్లే లేరు, అందరూ "పాపం మంచిదే" అంటారు, కానీ "నా కంటెస్టెంట్ దేవి" అనేవాళ్లు 100 మందే. అందరూ ఓటేస్తే దేవి బయటికి పోతుంది. అదే 'ఎవరు పోవాలి' అని అడిగి ఉంటే 600 ఓట్లతో పోయేది భాను.

అందరూ ఓటెయ్యరు కదా, ఇంకో మెట్టు ఎక్కుదాం. భాను అభిమానులు పట్టుదల గలవాళ్లు, 100కి 90 మంది ఓటేస్తారు: 270. ఈశ్వర్‌వాళ్లలో సగం మంది: 175. చందువాళ్లలో 100కి 40 మంది: 100. దేవిని ఇష్టపడేవాళ్లు నెమ్మదస్తులు, 100కి 20 మంది: 20. ఇప్పుడు ఓట్లలో మొదటి పేరు ఎవరిది? వెయ్యిమందిలో 600 మందికి గిట్టని భానుది.

అంటే ఈ ఆటలో ద్వేషం వల్ల నష్టం లేదు. ఉదాసీనతే ప్రాణాంతకం. ఇంట్లో 'సేఫ్ గేమ్' అన్న మాట తిట్టుగా మారడానికి కారణం ఇదే. "వీడికి నోరు తప్ప ఏముంది, ఇంకా ఎందుకున్నాడు" అని మనం ప్రతి సీజన్‌లో ఆశ్చర్యపోతాం. నోరు ఉంది కాబట్టే ఉన్నాడు. మనం తిట్టడానికి పెట్టే పోస్టు కూడా అతని గురించే, అతని అభిమానిని లేపి ఓటు వేయించేదీ ఆ తిట్టే.

దీనికి ఒక కొసరు ఉంది. ప్రతివారం నామినేషన్లోకి వచ్చే మనిషికి ప్రతివారం ఓటేసే అలవాటు అభిమానులకు పడుతుంది. కెప్టెన్సీలతో, స్నేహాలతో నామినేషన్లు తప్పించుకుంటూ వచ్చినవాళ్లు చివరి వారానికి ఓటు బ్యాంకు లేకుండా చేరతారు. 2018లో రెండో సీజన్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో చాలామందితో పడకపోయినా కౌశల్ గెలిచాడు, బయట 'కౌశల్ ఆర్మీ' పేరుతో అభిమానులు గుంపుకట్టారు. తర్వాతి సీజన్లలో అభిమాన సైన్యాలు, పీఆర్ టీములు మామూలు సంగతైపోయాయి.

ఎవరికి ఎన్ని ఓట్లన్న అంకెలు మాత్రం వారం వారం బయటపెట్టరు. ఆన్‌లైన్‌లో తిరిగే పోల్స్‌కి అసలు ఓటింగుతో సంబంధం లేదు. శని, ఆదివారాల భాగాలు ముందే షూట్ అవుతాయి కాబట్టి ఎలిమినేషన్ లీకు కావడం వేరే, ఓట్ల లెక్క తెలియడం వేరే. ఈ చీకటిలోనే 'ముందే ఫిక్స్ చేశారు' అన్న అనుమానం పెరుగుతుంది. నిర్మాతల వైపు నుంచి చూస్తే, అంకెలు చెబితే ఫలితం ముందే తేలిపోయి ఉత్కంఠ చచ్చిపోతుంది. సీజన్ నడుస్తుండగా ఆ వాదన ఒప్పుకోదగ్గదే. సీజన్ ముగిశాక కూడా చెప్పకపోవడానికి నాకైతే సరైన కారణం కనిపించదు.

## సూట్‌కేసు లెక్క

ఫినాలేలో డబ్బు సంచి చూపించి "తీసుకుని వెళ్లిపోతారా" అని అడగడం తెలుగులో ఆనవాయితీ. 2020లో నాలుగో సీజన్‌లో సోహెల్ 25 లక్షలు తీసుకుని మూడో స్థానంతో బయటికొచ్చాడు. 2022లో ఆరో సీజన్‌లో చివరి ఇద్దరిలో ఒకడైన శ్రీహాన్ 40 లక్షలు తీసుకున్నాడు, ట్రోఫీ రేవంత్‌కు దక్కింది. తర్వాత అదే వేదిక మీద నాగార్జున చెప్పిన మాట, ఓట్లలో స్వల్ప ఆధిక్యం శ్రీహాన్‌దేనని.

శ్రీహాన్ తప్పు చేశాడా? బహుమతి 50 లక్షలు. చెరిసగం అవకాశం ఉందనుకుంటే ఆ ఆశ విలువ 25 లక్షలు. చేతిలో 40 లక్షల్ని వదులుకోవాలంటే గెలుస్తానన్న నమ్మకం నూటికి 80 పాళ్లకు పైన ఉండాలి. ఓట్లు ఎన్నో తెలియని మనిషికి అంత నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? లెక్కప్రకారం అతను చేసింది సరైన పనే. విజేత అన్న పేరు విలువ ఈ లెక్కకు అందదు, అది వేరు. ఈ 40 లక్షలు విజేత బహుమతిలోంచే పోతాయన్నది కూడా చాలామంది గమనించరు.

గెలిచిన సొమ్ము మొత్తం చేతికి రాదు. టీవీ పోటీల్లో గెలిచిన బహుమతికి శ్లాబులూ మినహాయింపులూ వర్తించవు, నేరుగా 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్. 50 లక్షలకు 15 లక్షల పన్ను, 60 వేల సెస్ పోతే మిగిలేది 34 లక్షల 40 వేలు. వారానికింత అని ఇచ్చే పారితోషికం దీనికి వేరు.

## చూపు తిప్పుకోలేకపోవడం వెనక

టీవీలో కనిపించే మనిషిని మనకు బాగా తెలిసిన మనిషిలా భావించడం గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే రాశారు. రోజూ వార్తల్లో కనిపించే మనిషితోనే ఆ చనువు ఏర్పడితే, పళ్లు తోముకుంటూ, ఏడుస్తూ, అలిగి అన్నం మానేస్తూ మూడు నెలలు కనిపించేవాళ్లతో ఎంత ఏర్పడాలి? 2004లో స్టీవెన్ రీస్, జేమ్స్ విల్ట్జ్ చేసిన అధ్యయనంలో, రియాలిటీ షోలు ఎక్కువగా చూసేవాళ్లలో తమకో హోదా ఉందన్న భావన కోరుకోవడం ఎక్కువని తేలింది. సూటిగా చెప్పాలంటే, "నేను వీళ్లకన్నా నయం" అన్న తృప్తి.

అయితే అదొక్కటే అనుకోవడం ప్రేక్షకుడిని తక్కువ చేయడమే. మన దగ్గర వారాంతం ఎపిసోడ్ రచ్చబండ మీద పంచాయితీలా నడుస్తుంది. పెద్దమనిషి వస్తాడు, వారమంతా జరిగింది విప్పుతాడు, ఇద్దరి మాటా వింటాడు, వీడియో సాక్ష్యం వేస్తాడు, తీర్పు చెబుతాడు. ఇంట్లో అత్తాకోడళ్లు, అన్నాచెల్లెళ్లు తమ మధ్య మాట్లాడుకోలేని విషయాలు — నమ్మకద్రోహం, వెనక మాట్లాడటం, ఎవరు ఎక్కువ పనిచేస్తున్నారు — ఆ ఇంటివాళ్ల మీద పెట్టి వాదించుకోవచ్చు. ఎవరికీ దెబ్బ తగలదు.

మరి సిగ్గెందుకు? చెడ్డ టీవీ చూసేవాళ్లతో మాట్లాడి చార్లెస్ మెక్కాయ్, రాస్కో స్కార్‌బరో 2014లో మూడు దారులు చెప్పారు. వెటకారం చేయడానికే చూస్తున్నామనడం ఒకటి. ఆ అతిని అతిగానే ఆస్వాదించడం ఇంకొకటి. తప్పని తెలుసు, అయినా ఇష్టమని తలదించుకుని ఒప్పుకోవడం మూడోది. మన దగ్గర నాలుగోది కూడా ఉందేమో: ఇంట్లోవాళ్ల మీదికి నెట్టేయడం.

## నవ్వి వదిలేయలేని మచ్చలు

తెలుగు టీవీ సీజన్లు తొమ్మిది ముగిశాయి, విజేతలు తొమ్మిదిమందీ మగవాళ్లే. గీతా మాధురి, శ్రీముఖి, తనూజ ఫినాలే వేదికదాకా వచ్చి రన్నరప్‌గా ఆగారు. గెలిచిన ఒకే ఒక్క మహిళ బిందు మాధవి, అదీ 2022 నాన్ స్టాప్‌లో. శారీరక టాస్కులు ఎక్కువ కావడమే కారణమని కొందరంటారు. అది పూర్తి కారణమైతే అమ్మాయిలు రెండో స్థానం దాకా కూడా రాకూడదు. గొంతెత్తిన మగవాడు 'ఫైర్', అదే గొంతు ఆడపిల్లదైతే 'గయ్యాళి' అన్న కొలమానం పైన చెప్పిన ఓటు లెక్కలో సూటిగా దెబ్బతీస్తుంది. ద్వేషం ఖర్చులేనిది కావాలంటే ముందు వీరాభిమానులు దొరకాలి. నోరున్న మగవాడికి దొరికినంత సులువుగా వాళ్లు నోరున్న ఆడపిల్లకు దొరకరు.

అభిమానం వీధిలోకి వస్తే ఏమవుతుందో 2023 డిసెంబరులో ఏడో సీజన్ ఫినాలే రాత్రి చూశాం. అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు, పోటీదారుల కార్ల అద్దాలు పగిలాయి. రైతుబిడ్డగా జనం గెలిపించిన పల్లవి ప్రశాంత్‌ను ఆ కేసులో పోలీసులు అరెస్టు చేశారు, తర్వాత బెయిల్ వచ్చింది. ఇంట్లో జరిగిన మాటకు బయట కుటుంబసభ్యుల పేజీల్లో బూతులు రాయడం ప్రతి సీజన్‌దీ.

బయటి దేశాల అనుభవం ఇంతకన్నా చేదు. 2007లో బ్రిటన్ సెలబ్రిటీ బిగ్ బ్రదర్‌లో శిల్పాశెట్టి మీద జాత్యహంకార మాటలు వచ్చినప్పుడు అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. శిల్ప ఆ సీజన్ గెలిచింది. ఆ గొడవలో ప్రధానంగా విమర్శలకు గురైన జేడ్ గూడీ మరుసటి ఏడాది మన హిందీ బిగ్ బాస్ ఇంట్లోకి వచ్చింది, వ్యాఖ్యాత శిల్పాశెట్టే. తనకు క్యాన్సర్ ఉందన్న కబురు జేడ్‌కు ఆ ఇంట్లో ఉండగానే చేరింది. 2009 మార్చిలో ఆమె చనిపోయింది. ఎవరి జీవితంలోనైనా కెమెరా ఆపాల్సిన క్షణం ఏదన్న ప్రశ్న అప్పటినుంచీ తెగలేదు.

## అభ్యంతరం ఉంటే ఎక్కడికి వెళ్లాలి

సినిమాకు సెన్సార్ బోర్డు ఉన్నట్టు టీవీ కార్యక్రమానికి ముందస్తు సర్టిఫికెట్ లేదు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం, 1995 కింద ఉన్న ప్రోగ్రామ్ కోడ్‌ను ఛానెల్ పాటించాలి, అంతే. 2010లో హిందీ బిగ్ బాస్‌ను రాత్రి 11 తర్వాతే వేయాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆదేశిస్తే బాంబే హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఆ మరుసటి ఏడాది ఛానెళ్లే ఒక స్వీయ నియంత్రణ మండలిని, బీసీసీసీని పెట్టుకున్నాయి. దానికి విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు. తెలుగు షోలో అశ్లీలత ఉందన్న ప్రజాప్రయోజన వ్యాజ్యం 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది.

నిషేధించాలనేవాళ్లు పిల్లలు చూసే వేళను గుర్తుచేస్తారు. వద్దనేవాళ్లు రిమోట్ మన చేతిలోనే ఉందంటారు. చిక్కు ఇంకోచోట ఉంది. అదే ఇల్లు, అదే మనుషులు, అదే కెమెరా అయినా టీవీలో వస్తే 1995 చట్టం. యాప్‌లో వస్తే 2021 ఐటీ నిబంధనలు, వాటిలో వయసును బట్టి వర్గీకరణ, యాప్ నడిపే సంస్థ నుంచి మొదలుపెట్టి మూడంచెల ఫిర్యాదు వ్యవస్థ. బూతు, హింస, అవమానం గురించి రెండింట్లోనూ ఏదో ఒక మాట ఉంది. ప్రేక్షకుడు వేసిన ఓటును ఎలా లెక్కపెట్టారో చెప్పి తీరాలన్న నిబంధన మాత్రం రెండింట్లోనూ లేదు.